కారుకి సెన్సరు, బండికి ఎండ

"స్మార్ట్ పార్కింగ్" అనగానే మనవాళ్ళ ప్రజెంటేషన్లో ఒకటే బొమ్మ. నేలలో సెన్సర్లు, పైన పచ్చ దీపం, ఎర్ర దీపం, చేతిలో యాప్. బొమ్మ బానే ఉంది. కానీ అందులో అన్నీ కార్లే! బైకు ఒక్కటంటే ఒక్కటి కనబడదు.

మన తిరుపతి జిల్లానే తీసుకోండి. 2022లో జిల్లాలు మార్చినప్పుడు నెల్లూరు నుంచి ఇటొచ్చిన సూళ్ళూరుపేట, తడ స్టేషన్లకి చెన్నై లోకల్ రైళ్ళు వస్తాయి. అమృత్ భారత్ పథకం కింద బాగుచేసిన సూళ్ళూరుపేట స్టేషన్ని 2025 మే 22న ప్రారంభించారు కూడా. పొద్దున్నే లోకల్ ఎక్కి రాత్రికి దిగేవాడు స్టేషన్‌కి ఎందులో వస్తాడు? ఇన్నోవాలోనా? పక్క పల్లె నుంచి స్ప్లెండర్ మీద వస్తాడు మహానుభావా!

"ఫాస్టాగ్ ఉందిగా" అంటారు. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర టీటీడీ ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది. అక్కడ అది సబబే. బైకుకి మాత్రం ఫాస్టాగే ఉండదు. అదే గేటు తెచ్చి లోకల్ స్టేషన్లో పెడితే సిస్టంకి అసలు ప్రయాణికుడే కనబడడు. దీన్ని బగ్ అనరు, రిక్వైర్‌మెంట్సే తప్పు అంటారు.

అమెరికాలో 2004లోనే బార్ట్ రైళ్ళ రాక్‌రిడ్జ్ స్టేషన్లో 50 కార్ల జాగాతో ఇది చేసి చూశారు. హైవే మీద బోర్డు, ముందే రిజర్వేషన్. కారులో పోయేవాణ్ణి రైలెక్కించాలని వాళ్ళ తాపత్రయం. మన సమస్య ఏంటో చూడకుండా వాళ్ళ జవాబు దిగుమతి చేసుకుంటే ఎలా?

మనకి కావాల్సింది చాలా చవక. సీజన్ టికెట్‌తో పాటే బండి నంబరు నమోదు చేసి, నెల పార్కింగ్ అందులోనే కలిపెయ్యాలి. గేటు దగ్గర నంబరు ప్లేటు చదివే కెమెరా పెట్టాలి. లోపలికెన్ని వచ్చాయి, బయటికెన్ని పోయాయి, ఒక్క తీసివేత. ఖాళీ ఉందో లేదో ఇంట్లో బయల్దేరేముందే ఫోన్లో తెలిస్తే చాలు. మిగిలిన డబ్బుతో రేకుల షెడ్డు వెయ్యండి. ఒక కారు జాగాలో నాలుగు బైకులు పడతాయి.

అన్నిటికన్నా ముందు గంటల లెక్కన వసూలు మానాలి. ఆ లెక్కన రోజంతా ఉద్యోగానికి పోయేవాడికే అందరికన్నా ఎక్కువ వాత. రోజూ రైలెక్కేవాడికి జరిమానా వేసి, దానికి స్మార్ట్ అని పేరా? విసుగొస్తే వాడు రైలు మానేసి, 16వ నంబరు హైవే మీద లారీల మధ్య చెన్నై దాకా బండి మీదే పోతాడు. ఆ ప్రాణానికి ఏ యాప్ పూచీ?

ఇలాంటి సిస్టంలు రాసేవాళ్ళు మనలోనే బోలెడుమంది ఉన్నారు. ఈసారి స్పెక్ మొదలుపెట్టేటప్పుడు, మొదటి యూజర్ కారు ఓనర్ కాదు, హెల్మెట్ చేత్తో పట్టుకుని ప్లాట్‌ఫారం వైపు పరిగెత్తేవాడు అని రాసుకోండి. కాదంటారా?