అఱచేతిలో భూముల బేరము

గూడూరు మార్కెట్టునకు నిమ్మకాయలు బస్తాలతో వచ్చును. కొనువాడు నాలుగు కాయలు చేత పట్టి, నొక్కి చూచి, తొక్క పలుచనో మందమో తేల్చుకొని గాని ధర పలుకడు. బస్తా యడుగున నేమున్నదో చూడక సొమ్మిచ్చు వెఱ్ఱివాడు అక్కడ నొక్కడును కానరాడు. కాని యదే యూరి పొలిమేరలో లక్షలు వెలచేయు నివేశనస్థలమును, కువైటులోనో బెంగుళూరులోనో కూర్చున్నవాడు ఫోనులో నిమిషమాత్రము బొమ్మ చూచి, బయానా పంపివేయుచున్నాడు. నిమ్మకాయకు చూపిన జాగ్రత్త నేలకు చూపకపోవుట వింతగా తోచవచ్చును. ఆ వింత యెట్లు జరుగుచున్నదో విచారింపవలసి యున్నది.

పూర్వమును స్థలముల తరగరులుండిరి. సబురిజిస్ట్రారు కచ్చేరి యెదుట చెట్టు క్రిందనో, దస్తావేజు లేఖరి వసారాలోనో, రైలు స్టేషను చెంత కాఫీహోటలు బల్లమీదనో వారి కార్యస్థానము. వారందఱు సత్యహరిశ్చంద్రులని మేము చెప్పబోవుట లేదు. ఇరుపక్షముల యొద్దను తరుగు పుచ్చుకొని, ఒకరి ధర మఱియొకరికి తెలియనీయని ఘనులు వారిలో నుండిరి. అయినను వారికొక కట్టుబాటుండెడిది. మాట తప్పిన తరగరి మఱునాటి యుదయమున నదే వీధిలో నదే మనుష్యునకు ముఖము చూపవలసి యుండెడిది. ఏ పొల మెవరి తాతదో, ఏ గట్టుమీద నెన్ని యేండ్లు వ్యాజ్యము నడచెనో, ఏ పల్లమున వానకాలమందు మోకాటిలోతు నీరు నిలుచునో వానికి తెలియును. వానికి తెలియునని యూరికిని తెలియును. వాని పలుకుబడి యంతయు నా యెఱుకయే.

ఇప్పుడా చెట్టు నీడ స్థానమున ఫేస్‌బుక్కు, వాట్సప్పు, యూట్యూబు, ఇన్‌స్టాగ్రాములు వచ్చినవి. ఇవి ఉచితముగా దొరకు ముచ్చటశాలలని జనులనుకొందురు. వాస్తవమున కీ సంస్థల ప్రధానాదాయము ప్రకటనల వలననే. సొమ్ము చెల్లించిన యేజంటు, తన బొమ్మ యే యూరివారికి, ఏ దేశమందున్నవారికి, ఏ భాష మాటలాడువారికి, ఎట్టి విషయములం దాసక్తి గలవారికి కనబడవలెనో కోరుకొనవచ్చును. ఇల్లు కట్టుకొనవలెనని నాలుగు దినములు ఫోనులో వెదకినవాని యెదుటికి, ఐదవనాడు వెంచరు బొమ్మ తనంతట తానే వచ్చి నిలుచును. పాపమా మనుష్యుడు దానిని దైవసంకల్ప మనుకొనును! ఒక మీట నొక్కగనే వాని పేరును, ఫోను నంబరును నిండిన పత్ర మేజంటును చేరును. దీనిని వారు 'లీడు' అందురు. గంట తిరుగకమునుపే ఫోను మ్రోగును. తరువాత వాట్సప్పు గుంపులో చేర్పించుట. ఆ గుంపులో వేయిమందికి పైగా నుండవచ్చును. అందులో ప్రతి యుదయము నొక శుభోదయము, ప్రతి సాయంకాలము 'ఇంక మూడు ప్లాట్లే మిగిలినవి' యను హెచ్చరిక. మూడు ప్లాట్లు మూడు నెలలైనను మూడుగనే యుండుట మా మిత్రుడొకడు లెక్కించి చూచెను.

ఇందు మేలేమియు లేదని మేమనము. దూరదేశమున నున్నవాడు ధరలను నాలుగుచోట్ల పోల్చి చూచుకొనుటకును, చిన్న యేజంటు పెద్ద కంపెనీతో సమానముగ తన సరుకు చూపుకొనుటకును, తాతగారి యిల్లమ్మదలచిన వితంతువు మధ్యవర్తుల వరుస లేకయే కొనుగోలుదారుని కనుగొనుటకును ఈ సాధనములు తోడ్పడుచున్నవి. స్థలముయొక్క సర్వే నంబరు, అనుమతి పత్రములు, హద్దులు అన్నియు తామే ముందుగా చూపి, 'వచ్చి కన్నులార చూచుకొనుడు' అని పిలుచు యేజంటులును గలరు. వారి కీ వ్యాసమువలన నష్టము లేదు. పైపెచ్చు, మోసగాండ్రవలన మొదట చెడునది వారి పేరే.

గూడూరువంటి చోట ఈ వ్యాపార మింత యుధృతముగ సాగుటకు కారణములు గలవు. చెన్నపట్టణమునుండి విజయవాడకు పోవు పెద్ద రైలుదారిలో రేణిగుంట దారి చీలునది యిచ్చటనే. జాతీయ రహదారి ప్రక్కనే. కృష్ణపట్టణమున 2008 నుండి ఓడరేవు పనిచేయుచున్నది. చెన్నై-బెంగుళూరు పారిశ్రామిక నడవలో భాగముగ కృష్ణపట్టణము నోడునకు కేంద్ర మంత్రివర్గము 2020 డిసెంబరులో నామోదము తెలుపగా, 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్టణమునుండి దానికి శంకుస్థాపన గావించిరి. ఇవన్నియు సత్యములే. సత్యమునకు ప్రక్కనే కూర్చున్న యసత్యమే యన్నిటికంటె నపాయకరము. పరిశ్రమ వచ్చుట వేఱు, ఆ పరిశ్రమకు పలు మైళ్ల దూరమున నున్న మెట్టచేను బంగారమగుట వేఱు. గాలిలో నెగురు కెమెరాతో తీసిన బొమ్మలో రహదారియు, వెంచరును నొక్క చూపులో నిమిడిపోవును. నడచిపోవువానికి గదా ఆ నడిమి దూరము తెలియునది!

దీనికి దుగరాజపట్టణముకంటె మంచి దృష్టాంతము మాకు కనబడదు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టమున పదమూడవ షెడ్యూలులో మౌలికవసతుల భాగమున మొట్టమొదటి వాగ్దానము, అచ్చట క్రొత్తగా పెద్ద ఓడరేవు నిర్మింతుమనియు, తొలిదశ 2018 చివరకు పూర్తియగుననియు. పార్లమెంటు చేసిన చట్టము! ఇంతకంటె గట్టి పూచీ యేమి కావలెను? 2018 గడచెను. ఓడరేవు రాలేదు. చట్టములోని వాగ్దానమునకే యీ గతి పట్టగా, ముప్పది క్షణముల రీలులోని వాగ్దానమునకు విలువ యెంతయో చదువరులే నిర్ణయించుకొందురు గాక.

ఇక కొలతల సంగతి. ఇది చిన్న విషయముగా తోచును గాని, మా దృష్టిలో నిందే పెద్ద గొయ్యి యున్నది. నెల్లూరుసీమలో అంకణమనగా 72 చదరపుటడుగులు, అనగా ఎనిమిది చదరపు గజములు. తిరుపతి ప్రాంతమున అంకణమనగా 36 చదరపుటడుగులే. గూడూరు నెల్లూరు జిల్లాలో పెరిగిన యూరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు దానిలో చేర్పబడెను. కచ్చేరీల పలకలు మాఱినంత మాత్రమున జనుల నోటి కొలతలు మాఱవు. అంకణ మేబదివేల రూపాయలని యొక ప్రకటన వచ్చినదనుకొందము. నెల్లూరు లెక్కను గజము 6,250 రూపాయలు. తిరుపతి లెక్కను 12,500. ఒకే మాట, ఒకే ధర, రెట్టింపు భేదము. ఎదుట నిలిచి బేరమాడువాడు, 'ఏ అంకణమయ్యా?' అని యడుగును. ఫోనులోని బొమ్మ నెవరడుగుదురు? ప్రకటన యెచ్చట వెలసినను గజములలో ధర చెప్పుట విధిగా నుండవలెనని మా దృఢాభిప్రాయము.

సామాజిక సంబంధములను పట్టుకొని భూములమ్ముట ఫోనులతో మొదలైనదని భ్రమింపరాదు. 1995లో మొదలైన అగ్రిగోల్డు కథ ఆంధ్రులు మఱవదగినది కాదు. స్థలమైన నిత్తుము, వడ్డీతో సొమ్మైన నిత్తుమని చెప్పి, ఏజంట్ల ద్వారమున వారు కట్టించుకొన్న ఖాతాలు 32 లక్షలు. మొత్తము ఆఱువేల కోట్లకు పైబడెను. ఆ యేజంట్లెవరు? మేనమామలు, వదినలు, ప్రక్కింటి పంతుళ్లు, భజనమండలిలో తాళము వేయువారు. కట్టినవాడు కంపెనీని నమ్మి కట్టలేదు. 'మన బావ చెప్పెను గదా' యని కట్టెను. కుప్పకూలిన నాడు బావయు మునిగెను, బావమఱిదియు మునిగెను, పండుగకు రాకపోకలును నిలిచిపోయెను. సొమ్ము పోయిన కుటుంబములకంటె, చుట్టఱికములు పోయిన కుటుంబములే యెక్కువ దుఃఖించినవని విన్నాము. నేటి వాట్సప్పు గుంపులు ఆ బాటనే మఱింత వేగముగ నడుచుచున్నవి. బడిలో కలిసి చదివినవారి గుంపు, కులసంఘముల గుంపు, ఊరిపేర కువైటులో వెలసిన గుంపు, వీనిలో వెంచరు బొమ్మ వేయువాడు బంధువే. వానికి తరుగు ముట్టును. ఆ సంగతి మాత్రము గుంపులో చెప్పడు.

చట్టము లేదా యనిన, గలదు; చక్కనిదే. స్థిరాస్తి క్రమబద్ధీకరణ చట్టము 2016లో నేర్పడి, 2017 మే 1 నుండి పూర్తిగా నమలులోనికి వచ్చినది. జనులు రేరా యని పిలుచునది యిదియే. అయిదువందల చదరపు మీటరులకు మించిన స్థలమును విభజించి యమ్మువాడు ముందుగ నమోదు చేసికొనక ప్రకటింపనే కూడదు. ఏజంటును నమోదు కావలెను. ప్రకటన యనగా పత్రికలోనిదే కాదు, ఏ సాధనమున వెలువడినను ప్రకటనయే యని చట్టము నిర్వచించినది. కనుక వాట్సప్పు స్టేటసు తప్పించుకొనజాలదు. ప్రతి ప్రకటనయందును నమోదు సంఖ్య స్పష్టముగ నుండవలెను. అబద్ధపు ప్రకటన నమ్మి సొమ్మిచ్చినవానికి నష్టపరిహారము కోరు హక్కు గలదు. వ్రాతపూర్వకమైన యొడంబడిక చేసి నమోదు చేయక, వెలలో పదవవంతునకు మించి పుచ్చుకొనరాదు. నమోదు లేని యేజంటునకు దినమునకు పదివేల రూపాయల చొప్పున జరిమానా. ప్రసిద్ధినటులును, యూట్యూబు ముచ్చటగాండ్రును సొమ్ము పుచ్చుకొని పొగడుట విషయమై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమును గలదు.

ఇన్ని యుండగా లోపమెచ్చట? చూచువాడు లేకపోవుటయే. పత్రికలో పడిన యబద్ధమైన పఠనమందిరపు బీరువాలో పదేండ్లైనను సాక్ష్యముగ పడియుండును. (పత్రికలును నిర్దోషులు కావు. మొదటి పుటనిండ వెంచరు ప్రకటన వేసి, లోపలి పుటలో భూమోసములపై కన్నీరు కార్చుట మా వృత్తివారికిని అలవాటైన విద్యయే.) వాట్సప్పు స్టేటసు, ఇన్‌స్టాగ్రాము స్టోరీ యన్ననో ఇరువదినాలుగు గంటలలో మాయమగును. పిమ్మట, 'మేమట్లు చెప్పనే లేదు' అని యేజంటనిన, చూపుట కేమున్నది? కావున స్థలము కొనదలచినవారు మొట్టమొదట చేయవలసిన పని, తమకు వచ్చిన ప్రతి బొమ్మను, ప్రతి మాటను తేదీతో భద్రపఱచుకొనుట. సొమ్ము పంపిన పిమ్మట గాదు, పంపుటకు ముందు.

మఱియొక భ్రమయు తొలగవలెను. రిజిస్ట్రేషనైనదిగదా, ఇక భయమేమని పలువురందురు. సబురిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేయునే గాని, అమ్మినవానికి నిజముగ హక్కున్నదని పూచీపడడు. ఆ విచారణ కొనువాడే చేసికొనవలెను: వెనుకటి లింకు దస్తావేజులు, ఎన్‌కంబరెన్సు పత్రము, అడంగలు, లేఅవుటు ననుమతించిన యుత్తరువు, మఱి ముఖ్యముగ, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధపు జాబితాలో నున్నదేమో. ప్రభుత్వము పేదలకిచ్చిన డీకేటీ పట్టా భూములను కొనుట 1977 చట్టము ననుసరించి చెల్లదు. 2023లో కొన్ని తరగతులకు సడలింపు వచ్చెను గాని, మఱుసటి యేడే యా రిజిస్ట్రేషనులను నిలిపి విచారణ సాగించిరి. నడుమ కొన్నవారి గతి యేమి? రీలులో నీ కథ రాదు. అందు పచ్చిక, తోరణము, సినిమా పాట మాత్రమే యుండును.

ప్రభుత్వమువారిని మేము క్రొత్త చట్టము లడుగుట లేదు. ఉన్నదానిని నడపుడని యడుగుచున్నాము. నమోదు సంఖ్య లేని స్థలప్రకటనను సొమ్ము పుచ్చుకొని ప్రచురింపరాదని ఫేస్‌బుక్కు, యూట్యూబు సంస్థల నేల నిర్బంధింపరాదు? రాష్ట్రపు రేరా సంస్థ తన యుద్యోగుల నిద్దఱినైన కూర్చుండబెట్టి, దినమున కొక గంట యీ రీలులను చూపించినచో, నెలకెన్ని జరిమానాలు వచ్చునో వారికే తెలియును. దేశాంతరమున నున్నవా డొకసారి సెలవుపై వచ్చి పది కచ్చేరీలు తిరుగలేడు. వానికి తెలుగున నొక్క పుటలో, సర్వే నంబరు వేయగనే అనుమతియు, నిషేధమును, నమోదును కనబడు నేర్పాటు కావలెను. ఇప్పుడవి వేఱువేఱు శాఖల గూండ్లలో చెదరియున్నవి.

గూడూరులో చేయదగినది మఱియు సులభము. పురపాలక సంఘమువారు, పరిసర గ్రామపంచాయతులవారు తమ పరిధిలో ననుమతి పొందిన లేఅవుట్లెవ్వి, పొందనివెవ్వి, సర్వే నంబరులతో రెండు జాబితాలు వ్రాయించి, సబురిజిస్ట్రారు కచ్చేరి గోడమీదను, బస్సుస్టాండులోను, గ్రంథాలయమునందును నెల నెల అంటింపవలెను. దీనికి కావలసినది కాగితము, జిగురు, ఒక గుమాస్తా. ఆ జాబితాను ఫోనుతో బొమ్మ తీసి తమ గుంపులలో వేయుపని మా చదువరులు చేయుదురు. ఏజంట్లు వేయు బొమ్మ పోవు చోటికే యదియు పోవును; కువైటులో నున్న తమ్ముడు బయానా పంపుటకు ముందు రెండును ప్రక్కప్రక్కన చూచుకొనును. పురపాలక సంఘమువారు వచ్చు నెల మొదటి తేదీకి తొలి జాబితా నంటింతురని యెదురుచూచుచున్నాము.