చక్రాల మీద ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. మా బావగారు రాజమండ్రిలో ఇల్లు కట్టి చూశారు, ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి చూశారు. అయినా తనివి తీరినట్టు లేదు. ఉద్యోగ విరమణ అయిన మర్నాడే మూడో ముచ్చట మొదలుపెట్టారు. చక్రాల మీద ఇల్లు!

ఎందుకంటారా? మా అక్కయ్యకు కాశీ, బదరీ చూడాలని పాతికేళ్ళ కోరిక. ఆవిడ మోకాళ్ళు రైలు మెట్లు ఎక్కనివ్వవు. బయటి వంట ఆవిడకు సరిపడదు. అంచేత బావగారు ఒక పాత వ్యాను కొని, పొరుగూరిలో ఒక షెడ్డువారికి అప్పగించారు. చేతికొచ్చిన సొమ్ములో సగం దానికే పోసారు.

ఆర్నెల్లకు బండి వచ్చింది. మంచం, పొయ్యి, స్నానాల గది, రంగు దీపాలు, అద్దంలా మెరిసే బీరువాలు. వీధి వీధంతా తరలివచ్చి చూసింది. తెలుగు మేష్టర్ని గనక పేరు పెట్టే పని నా మీద పడింది. "సంచారిణి" అన్నాను. అక్షరాల వంపుల గురించి పెయింటరుతో గంటసేపు వాదించాను. పైకప్పు వంక మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.

ఇటువంటి బండి మనవాళ్ళకు బొత్తిగా కొత్తేమీ కాదు. 1982లో ఎన్.టి. రామారావుగారు పాత షెవ్రోలే వ్యానును "చైతన్య రథం"గా మార్పించి, అందులోనే పడుకుంటూ రాష్ట్రమంతా తిరిగారు. మా గోదావరి వాళ్ళకు అంతకంటే ముందే కదిలే ఇళ్ళు తెలుసు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవల మీద పడవలు సాగాయి. రాత్రి ఎక్కి, పడవలోనే తిని, పడుకుని, తెల్లారేసరికి ఊరు చేరే ప్రయాణాలు మా తాతగారి తరానికి మామూలే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మొదటి ఏడు చిన్నమ్మాయి పురుడు వచ్చింది. రెండో ఏడు బావగారి కంటి ఆపరేషను. కాశీ వాయిదా పడింది. సంచారిణి అన్నవరం, శ్రీశైలం వెళ్ళొచ్చి పెరట్లో నిలబడింది. రెండు వర్షాకాలాలు దాని మీంచి వెళ్ళాయి.

మూడో వానలకు ముందు అక్కయ్య తలుపు తీసి, "ఏరా తమ్ముడూ, ఈ వాసనేమిటి?" అంది. ముక్కిపోయిన బియ్యం వాసన! చింతపండు జాడీ మీద బూజు. మంచం పక్కన కాలు పెడితే నేల మెత్తగా దిగింది. బావగారి ముఖం చూడలేకపోయాను.

షెడ్డువారికి ఫోను చేస్తే, "కాగితం చూసుకోండి, పైకప్పుకు పూచీ లేదు" అన్నారు.

నాకు తెలిసిన వడ్రంగి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. తాళ్ళరేవు వైపు మనిషి. నలభై ఏళ్ళు చెక్కపడవలు కట్టాడు. ఆయన్ని పిలిపించాం. ఆయన బీరువాలు చూడలేదు, దీపాలు చూడలేదు. రెండు బిందెల నీళ్ళూ ఒక టార్చిలైటూ అడిగాడు. నీళ్ళు పైకప్పు మీద పోయించి, లోపల కూర్చుని, చుట్ట కాల్చినంతసేపు కనిపెట్టాడు. తరవాత ఉలితో గోడ అంచు కొంచెం ఎత్తాడు. లోపలి చెక్క తడిసిన అట్టలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో మొదటిసారి కళ్ళారా చూశాను.

"ఇది ఇల్లు కాదండి బాబూ, నేల మీద నడిచే పడవండి. కట్టినోడికి ఆ సంగతి తెలవలేదండి" అన్నాడు.

తరవాత ఆయన వేలు పెట్టి చూపించిన తప్పులు మూడు.

మొదటిది, పైకప్పు బల్లపరుపుగా ఉంది. నీళ్ళు జారే వాలు లేదు. కిటికీకీ దీపాలకీ కన్నాలు పొడిచి, మరలు బిగించి, చుట్టూ జిగురు పూశారు. రెండు ఎండలకు ఆ జిగురు పగిలింది. ఒక్కొక్క మర ఒక్కొక్క చిల్లయింది.

రెండోది, గోడల్ని ఇనప చట్రానికి కదలకుండా బిగించారు. నిలిచి ఉండే ఇంటికి అది బలమే. కానీ బండి గోతిలో పడ్డప్పుడల్లా ఒళ్ళంతా మెలి తిరుగుతుంది. సాగని అతుకు విరుగుతుంది. మన సముద్రతీరంలో పూర్వం మసులా పడవల్ని మేకులు లేకుండా కొబ్బరితాడుతో కుట్టేవారు. కెరటం కొడితే పలకలు కొంచెం కదిలి సర్దుకునేవి. ఆ సూత్రమే ఇప్పుడు రబ్బరులా సాగే జిగుళ్ళ రూపంలో వచ్చింది. ధర ఎక్కువని షెడ్డువారు వాడలేదు.

మూడోది, చెక్క. నీటికి తట్టుకునే మెరైను ప్లైవుడ్డు మీద ఐ.ఎస్. 710 అనే ముద్ర ఉంటుంది. దాని జిగురును 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచి పరీక్షిస్తారు. మా వాళ్ళు వాడింది గది లోపలి బీరువాలకు వాడే మామూలు రకం. పైన అంటించిన తళుకు రేకు కింద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి!

"పడవ కట్టేవాడు నీళ్ళు రావనుకోడండి. వత్తాయనుకునే కడతాడు. వచ్చిన నీళ్ళు ఎటు పోవాలో దారి కూడా ఆడే చూపెడతాడండి" అన్నాడు మేస్త్రీ. పడవ అడుగున చేరిన నీరు కంటికి కనబడుతుంది, తోడి పోస్తాం. ఈ బండి గోడలో చేరిన నీటికి బయటికి దారీ లేదు, ఆరడానికి గాలీ లేదు. రెండేళ్ళు అక్కడే కూర్చుని చెక్కను తింది.

పాఠకుల్లో ఎవరైనా ఇటువంటి ముచ్చట పడితే, మా బావగారి ఖర్చుతో నేర్చుకున్న పాఠం చెబుతాను. లోపలి పలకలు బిగించకముందే వెళ్ళి ఎముకల గూడు చూడండి. చెక్క మీద ముద్ర చూడండి. ఇనప చట్రానికి అల్యూమినియం రేకు తగిలేచోట మధ్య రబ్బరుగానీ రంగుగానీ ఉందా అని అడగండి. ఉప్పుగాలి తగిలే మన కోస్తాలో ఆ రెండు లోహాలూ ఒకదాన్నొకటి ఆనుకుంటే రేకు పొడి రాలుతుంది. టాంకు నింపి కాటా మీద తూయించండి. 200 లీటర్ల నీళ్ళంటే 200 కిలోలు, ఆ బరువు మోసేది ఇరుసే. ఆఖరి వాయిదా సొమ్ము ఇచ్చేముందు గంటసేపు పైకప్పు మీద గొట్టంతో నీళ్ళు కొట్టించి, మీరు లోపల కూర్చోండి. దీపాల సొగసు తరవాత చూసుకోవచ్చు.

మేస్త్రీ నాలుగు నెలలు పని చేశాడు. బీరువాలు సగమయ్యాయి, రంగు దీపాలు పోయాయి, పైకప్పుకు వాలు వచ్చింది, గోడల అడుగున నీరు పోయే కన్నాలు వచ్చాయి. బావగారు రోజూ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఈలోగా అక్కయ్యకు రెండో మోకాలు కూడా పట్టేసింది. "బండి బాగుపడేసరికి నేను షెడ్డుకు పోతానేమోరా" అని నవ్వింది. ఆ నవ్వుకు నేను నవ్వలేకపోయాను.

మొన్న శ్రావణంలో కాశీకి ముందు పరీక్షగా అంతర్వేది వెళ్ళాం. రాత్రి కుండపోత. అక్కయ్య పైకప్పు అతుకు కింద స్టీలు పళ్ళెం పెట్టుకుని పడుకుంది. చుక్క పడితే చప్పుడు వినాలని. నిద్రపోయిందని మాత్రం నేననుకోను.

తెల్లవారి ఆ పళ్ళెంలోనే మాకు ఉప్మా పెట్టింది. "తుడవక్కర్లేకపోయిందిరా" అంది.