ఆకులు రాలిన ఆర్కిడ్‌ చచ్చిపోయినట్టు కాదు

పోయిన జనవరిలో బిలాస్‌పూర్‌ రైల్వే కాలనీలో పక్క క్వార్టర్‌ పిన్నిగారు ఒక వేలాడే కుండీని చెత్తలో పడేయబోతుంటే ఆపాను. అందులో ఉన్నది డెండ్రోబియం అఫిల్లమ్‌. ఒక్క ఆకు లేదు, ఎండుపుల్లల్లాంటి కాడలు మాత్రం కిందికి వేలాడుతున్నాయి. ‘‘రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నా, అయినా పోయింది’’ అన్నారావిడ. నిజానికి దాని ప్రాణం మీదికి తెచ్చింది ఆ రోజూ పోసిన నీళ్లే.

అఫిల్లమ్‌ అంటేనే గ్రీకులో ఆకులు లేనిది అని. మన తూర్పు కనుమల అడవుల్లోనూ చెట్ల కొమ్మలను పట్టుకుని పెరుగుతుంది. వానాకాలంలో కాడల్లో నీరు, ఆహారం దాచుకుంటుంది. చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. వేసవి మొదట్లో ఆ బోడి కాడల మీదే పూస్తుంది. ఆకులు లేని మొక్క నీటిని పెద్దగా వాడదు, కుండీ తడిగానే ఉండిపోతుంది. ఆర్కిడ్‌ వేరు చుట్టూ స్పాంజిలాంటి మృతకణాల పొర ఉంటుంది. దాన్ని వెలమెన్‌ అంటారు. అది చినుకును క్షణాల్లో పీల్చుకోవడానికి పుట్టింది, నెలల తరబడి నానడానికి కాదు. గాలి అందక వేరు కుళ్లిపోతుంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించే సలహా ఇంకొకటి ఉంది: కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందట. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. పైనున్న మెత్తని పదార్థంలోని సన్నని ఖాళీలు కేశనాళికల్లా నీటిని పట్టి ఉంచుతాయి. అది పూర్తిగా తడిసేదాకా నీరు కింది పెద్ద ఖాళీల్లోకి జారదు. అంటే రాళ్లు వేసి మనం తడి పొరను వేళ్ల దగ్గరికి ఎత్తి పెడుతున్నామన్నమాట. కుండీ అంతా ఒకేరకం ముతక ముక్కలు వేయండి: బొగ్గు, ఇటుక, కొబ్బరి డొక్క.

కుండీ ఎప్పుడు మార్చాలి? క్యాలెండర్‌ చూడకండి, మొక్కను చూడండి. పూలు అయిపోయి, కాడ మొదట్లో కొత్త పిలక లేచి, దాని కింద కొత్త వేళ్లు తొంగిచూసినప్పుడే మార్చాలి. అంతకు ముందు కదిపితే పాత వేళ్లు దెబ్బతింటాయి, వాటి బదులు నీరు తాగే కొత్తవి ఉండవు. కుళ్లినవి కోసేయండి, కాడలను మాత్రం కోయకండి. అవే దాని గోదాము.

అడవి నుంచి పీకి తెచ్చిన మొక్కను చవకని కొనకండి. ఆర్కిడ్‌ గింజలో నిల్వ ఆహారం ఉండదు, అడవిలో తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే మొలుస్తుంది. అక్కడ పోయినది తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది. 1922లో లూయిస్‌ నడ్సన్‌ చక్కెర కలిపిన మాధ్యమంలో, శిలీంధ్రం లేకుండానే గింజలు మొలిపించవచ్చని చూపించాక నర్సరీలకు అడవితో పని తగ్గింది.

పిన్నిగారి మొక్కకు నీళ్లు ఆపేశాం, కాడలు మరీ ముడతలు పడితే కాస్త చిలకరించడం తప్ప. మార్చిలో రెండు కాడలు లేత గులాబీ రంగులో పూశాయి. మూడోది కుళ్లిపోయింది, దాన్ని కాపాడలేకపోయాం. ఇప్పుడు ఆవిడ బెంగ మే నెల వడగాడ్పుల గురించి. వరండాలో తూర్పు వైపు తడిగోనె కట్టారు.