క్యాబేజీలో ఉన్న మందులు



పోయిన నెలలో ఒక సోదరి మాకు ఉత్తరము వ్రాస్తూ, "సంతలో కొనే క్యాబేజీకి మందులు కొడతారని విని పిల్లలకు పెట్టడము మానివేశాము. మా వారు పత్తికి మందు కొట్టి వచ్చిన రోజు ఇల్లంతా అదే వాసన. క్యాబేజీ మానడము మంచిదేనా?" అని అడిగారు.

ఇటువంటి ప్రశ్న మీద ఒక మనిషి జీవితమంతా పనిచేశారు. ఆయన బ్రూస్ ఏమ్స్. 1928లో న్యూయార్కులో పుట్టి, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చాలాకాలము బోధించి, 2024 అక్టోబరులో 95 ఏండ్ల వయసులో కన్నుమూశారు.

1960లలో ఒకనాడు బంగాళాదుంప చిప్సు పొట్లము మీద వ్రాసిన రసాయనాల పేర్లు చదివి, ఇవి మన కణాలలోని డి.ఎన్.ఏ.కు హాని చేస్తాయేమో అని ఆయనకు అనుమానము కలిగిందట. ఎలుకలకు పెట్టి చూడాలంటే రెండు మూడేండ్లు పడుతుంది, ఖర్చు లక్షలలో ఉంటుంది. ఆయన సూక్ష్మజీవులను ఎంచుకున్నారు. హిస్టిడిన్ అనే పదార్థాన్ని సొంతగా తయారు చేసుకోలేని సాల్మొనెల్లా బాక్టీరియాను, అది లేని పళ్లెములో వేస్తే పెరగదు. అనుమానపు రసాయనాన్ని చేర్చినప్పుడు గుంపులు గుంపులుగా పెరిగితే, ఆ రసాయనము దాని డి.ఎన్.ఏ.ను మార్చినదన్న మాట. రెండు రోజులలో లెక్క తేలుతుంది. ఆయన ఈ పద్ధతికి పేటెంటు తీసుకోలేదు. అడిగిన ప్రయోగశాలలకు ఆ బాక్టీరియాను పంపించారు.

1975లో జుట్టుకు వేసే 169 రంగులను పరీక్షిస్తే 150 పట్టుబడ్డాయి. పసిపిల్లల రాత్రి దుస్తులు మంట అంటుకోకుండా కలిపే ట్రిస్ అనే రసాయనము కూడా పట్టుబడింది. 1977లో అమెరికా ప్రభుత్వము ఆ దుస్తులను నిషేధించింది. ఫ్యాక్టరీ రసాయనాలకు ఎదురు నిలిచినవాడని అందరూ ఆయనను మెచ్చుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఆయనకు సుఖముగా ఉండేది. కాని మనుషులు చేసిన రసాయనాలను పరీక్షించినవాడు, చెట్లు చేసిన వాటిని ఎందుకు వదలాలి?

మొక్కకు కాళ్లు లేవు. పురుగు వచ్చినా, బూజు వచ్చినా పారిపోలేదు గనుక ఒంట్లోనే విషాలు తయారు చేసుకుంటుంది. మన అమ్మలకు ఇది ఎరుకే. సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద వేసుకుని, చేదుగా ఉంటే పారవేస్తారు గదా! ఆ చేదు మొక్క తన రక్షణకు చేసుకున్న కుకుర్బిటాసిన్. ఆకుపచ్చ తిరిగిన బంగాళాదుంపలో సొలనిన్ ఉంటుంది. అమెరికాలో లెనాపే అనే బంగాళాదుంప రకములో ఇది మితిమీరి ఉన్నదని 1970లో వెనక్కు తీసుకున్నారు.

1990లో ఏమ్స్, ఆయన సహచరులు ఒక లెక్క ప్రచురించారు. అమెరికావారు తినే పురుగుమందులలో, బరువును బట్టి చూస్తే, నూటికి 99.99 వంతులు మొక్కలు తమకు తాము చేసుకున్నవే. ఒక్క క్యాబేజీలోనే 49 రకాలు చూపారు. అప్పటికి అధిక మోతాదులో జంతువులకు పెట్టి పరీక్షించిన 52 మొక్కల మందులలో 27 క్యాన్సరు కలిగించాయి. అందువలన క్యాబేజీ మానుమని ఆయన చెప్పలేదు. అంత పెద్ద మోతాదులో ఏది పెట్టినా సుమారు సగము పట్టుబడుతున్నాయనీ, కూరలో మిగిలిన కొద్దిపాటి మందుకు భయపడి కూరలే మానితే నష్టము ఎక్కువనీ చెప్పారు.

నిన్నటి దాకా మెచ్చుకున్నవారిలో చాలామంది, కంపెనీల పక్షము చేరాడని నిందించారు. ఆయన లెక్కలన్నీ అందరూ ఒప్పుకోలేదు. మాకు మాత్రము ఆయన ధైర్యము నచ్చింది. తన పేరు నిలబెట్టిన పరీక్షతోనే తన పాత మాటను కూడా తూచారు.

కనుక సోదరీ, క్యాబేజీ పైఆకులు తీసివేసి, బాగా కడిగి, పిల్లలకు పెట్టండి.

అయితే ఏమ్స్ లెక్క పళ్లెములోని కూరకు మాత్రమే. మందు డబ్బా వీపున మోసేవారికి అది వర్తించదు. 1987లో ఆయన ప్రమాదాలను వరుసగా పేర్చినప్పుడు, ధాన్యానికీ పండ్లకూ పొగబెట్టే ఇ.డి.బి. అనే మందుతో పనిచేసిన కూలీలను పై వరుసలోనే పెట్టారు. మీరు క్యాబేజీని గురించి అడిగారు. మేము మీ వారి చొక్కాను గురించి ఆలోచిస్తున్నాము. మందు కొట్టిన రోజు గాలికి ఎదురు నడవవద్దనీ, ఇంట్లో అడుగు పెట్టక ముందే సబ్బుతో స్నానము చేయమనీ చెప్పండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలపక వేరుగా ఉతకండి. ఖాళీ డబ్బాలో నీళ్లు గాని నూనె గాని పోయనివ్వకండి.