ముద్దకో విస్తరాకు

"పోర్టులు చాలట్లేదు" అన్న మాట వినపడితే చాలు, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చాలకపోవడమేంటండీ బాబూ! పెళ్ళి భోజనాల్లో ముద్దకో విస్తరాకు వేయించుకుని, ఆకులైపోయాయని వంటవాళ్ళ మీద ఎగిరితే ఎలా ఉంటుంది? మనవాళ్ళు రాసే వెబ్ క్లయింట్ల సంగతీ అచ్చం అంతే.

కొన్నాళ్ళ క్రితం మా ఆఫీసులో జరిగిన భాగోతం చెప్తాను. ఒక ప్రోగ్రాం, 64 థ్రెడ్లు. రాత్రిపూట ఒకే సర్వర్‌ని అడిగి లెక్కలు సరిచూసుకోవాలి. టెస్టింగులో బ్రహ్మాండంగా నడిచింది. అసలు డేటా మీద పెట్టామో లేదో, నిమిషం తిరక్కుండా "కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్" అని ఏడుపు మొదలు.

ఎందుకో చూడండి. లినక్స్‌లో మామూలుగా బయటికెళ్ళే కనెక్షన్లకి 32768 నుంచి 60999 దాకా, అంటే 28,232 లోకల్ పోర్టులుంటాయి. కనెక్షన్‌ని ముందుగా ఎవరు మూస్తే వాళ్ళ వైపు ఆ పోర్టు టైమ్ వెయిట్‌లో 60 సెకన్లు ఉండిపోతుంది. పాత కనెక్షన్ తాలూకు ప్యాకెట్ ఆలస్యంగా వచ్చి కొత్తదాంట్లో దూరకుండా ఆ జాగ్రత్త. 28,232ని 60తో భాగిస్తే సెకనుకి 470. ఒకే సర్వర్‌కి అంతకుమించి కొత్త కనెక్షన్లు తెరుస్తూ మూస్తూ పోతే ఎప్పటికైనా గోడే. మా థ్రెడ్లు ఒక్కోటీ సెకనుకి పది తెరిచేవి. అంటే 640. నలభై నాలుగు సెకన్లలో దుకాణం బంద్!

అప్పుడు మేం చేసిన ఘనకార్యం ఏంటంటే, పోర్టుల "మేనేజ్‌మెంట్". థ్రెడ్డుకి 400 పోర్టుల చొప్పున పంచాం. వాటికో పట్టిక, ఆ పట్టికకో లాకు, కనెక్ట్‌కి ముందు బైండ్. అసలు పోర్టు ఒక్కటే కనెక్షన్‌కి గుర్తు కాదు. మన అడ్రసు, మన పోర్టు, అవతలి అడ్రసు, అవతలి పోర్టు.. ఈ నాలుగూ కలిస్తేనే గుర్తు. అంచేత వేర్వేరు సర్వర్లకి ఒకే లోకల్ పోర్టుని కెర్నల్ హాయిగా వాడుకోగలదు. మనం ముందే బైండ్ చేస్తే ఎవరి దగ్గరికి వెళ్తున్నామో దానికి తెలీదు, ఆ సౌకర్యం కాస్తా పోతుంది. రీయూజ్ అడ్రస్ ఆప్షన్ పెట్టామనుకోండి, బైండ్ గట్టెక్కుతుంది గానీ, అదే సర్వర్‌కి కనెక్ట్ అవబోతే మళ్ళీ అదే ఎర్రర్. కెర్నల్ చేసే పనిని మనం అంతకంటే దరిద్రంగా చేశామన్నమాట.

ఇంకో వర్గం ఉంది. కెర్నల్ సెట్టింగులు ఎక్కడో చూసి అతికించే మహానుభావులు. ఫిన్ టైమవుట్ తగ్గిస్తే టైమ్ వెయిట్ తగ్గుతుందని వీళ్ళ నమ్మకం. అది వేరే దశకి సంబంధించింది, ఆ 60 సెకన్లు దాంతో మారవు. ఇక టీడబ్ల్యూ రీసైకిల్ అనే ఆప్షన్, నాట్ వెనకున్న వాళ్ళ కనెక్షన్లని ఊరికే పడగొడుతోందని 2017లో లినక్స్ 4.12లో పీకేశారు. దాన్ని పెట్టమని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు!

మందు పాతదే. తెరిచిన కనెక్షన్‌ని మూయకుండా మళ్ళీ వాడండి. 1997 నాటి హెచ్‌టీటీపీ 1.1 లోనే అది మామూలు పద్ధతి. థ్రెడ్లన్నిటికీ కలిపి ఒక్క పూల్ పెడితే, 64 థ్రెడ్లకి 64 కనెక్షన్లు సరిపోతాయి. కానీ పూల్ ఉందనుకుని నిద్రపోకండి. పైథాన్ రిక్వెస్ట్స్‌లో సెషన్ లేకుండా గెట్ పిలిస్తే ప్రతిసారీ కొత్త కనెక్షనే. గో భాషలో ఒక్కో హోస్టుకి ఖాళీగా అట్టిపెట్టేవి డిఫాల్టుగా రెండే. ఆ సంఖ్య పెంచాలి, వచ్చిన జవాబుని చివరిదాకా చదివి మూయాలి. లేకపోతే పూల్ పేరుకే పూల్.

నిజంగా ఒకే సర్వర్‌కి వేల కనెక్షన్లు ఒకేసారి తెరిచి ఉంచాల్సిన ప్రాక్సీలుంటాయి. వాళ్ళు రేంజి పెంచుకోవచ్చు, ఇంకో ఐపీ తగిలించుకోవచ్చు. మనలో ఎంతమందిమి అలాంటివి రాస్తున్నాం?

ఇంతకీ నా కోపం పోర్టుల మీద కాదు. రిక్వెస్టుకో కనెక్షన్ తెరిచే కోడ్ రాసింది కొత్తగా చేరిన కుర్రాడు. పోర్టుల పట్టిక ఆలోచన పెద్దవాళ్ళది. "మూయకుండా ఉంచితే సరిపోదా అండీ?" అని మీటింగులో ఆ కుర్రాడే అడిగాడు. ఎవరూ వినలేదు. పట్టిక కోడ్‌కి రివ్యూలో "బాగుంది" అని రాసింది నేనే. రెండు రాత్రులు అదీ కూలాక, చివరికి అతను చెప్పినట్టే చేశాం, సమస్య పోయింది. ఆ ఏడాది అతని రేటింగ్ తగ్గింది. నాది తగ్గలేదు.

అంచేత, ఈసారి ఎవరైనా పోర్టులు చాలట్లేదంటే ముందు టైమ్ వెయిట్‌లో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత, మూలన కూర్చున్న చిన్నవాడు ఏమన్నా అంటున్నాడేమో కాస్త వినండి.