పెనుకొండలో ఒక చిన్న బడి పెట్టండి

సర్కారు హైస్కూల్లో పీఈటీ పని ఆటలు ఆడించడమే అనుకునేవాళ్లు బడి ఆవరణలో ఒక పూట కూడా గడిపి ఉండరు. ప్రార్థనకు వరుసలు కట్టించేది అతనే. పంద్రాగస్టుకు తోరణాలు కట్టించేదీ అతనే. క్లాసులో మాట వినని పిల్లోణ్ని "పోయి పీఈటీ సారు దగ్గర నిలబడు" అని తరిమితే అందుకునేదీ అతనే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు బళ్లలో ఆ పని చేసి రిటైరైనవాణ్ని. మొండోడు, పోకిరి, రౌడీ అని పేరుపడ్డవాళ్లంతా నా విజిల్ కిందికే వచ్చేవాళ్లు. వాళ్లలో చెడ్డవాళ్ల కంటే నిద్ర చాలనివాళ్లే నాకు ఎక్కువ కనిపించారు.

ధర్మవరంలో మగ్గమున్న ఇంటి పిల్లవాడు తెల్లారకముందే కండెలు చుట్టి బడికొస్తాడు. మూడో పీరియడ్‌కు తల వాలుస్తాడు. లేపితే కసురుకుంటాడు. కసురుకున్నందుకు నా దగ్గరికి పంపుతారు. పెనుకొండ పక్క పల్లెల్లో అమ్మానాన్న బెంగళూరులో కట్టడం పనిలో ఉంటారు, పిల్లవాడు అవ్వ దగ్గర ఉంటాడు. "రేపు మీ నాయన్ను పిల్చుకొస్తేనే క్లాసులోకి రానిచ్చేది" అంటారు. నాయన ఎక్కడినుంచి వస్తాడు? మర్నాటి నుంచి వాడూ రాడు. హిందూపురంలో తల్లి పొద్దున్నే గార్మెంట్ ఫ్యాక్టరీ బస్సెక్కిపోతే, చెల్లెలికి జడేసి అంగన్‌వాడీలో దించి వచ్చేవాడు రోజూ లేటే. లేటుకు కారణం చెప్పడానికి వాడికి సిగ్గు.

ఇదే పిల్లవాణ్ని కబడ్డీ కోర్టులో చూడండి. క్లాసులో పక్కవాడి చొక్కా చించినోడు, గీత దాటితే తనే చెయ్యెత్తి ఔటని ఒప్పుకుంటాడు. అక్కడ గీత కంటికి కనిపిస్తుంది, కలెక్టరు కొడుక్కైనా అదే గీత. క్లాసులో గీత ఎక్కడుందో వాడికి తెలీదు. సారు మూడ్‌ను బట్టి జరుగుతూ ఉంటుంది.

2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టకూడదంది, మానసికంగా వేధించకూడదంది. మంచిదే. బెత్తం పక్కనపెట్టి ఆ చేత్తో ఏం చేయాలో మాత్రం మాకెవరూ నేర్పలేదు. ఎలిమెంటరీ విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదని కూడా అదే చట్టంలో ఉంది. అంటే తొమ్మిదిలోకి వచ్చేసరికి ఆ రక్షణ ఉండదు. అటు బాలకార్మిక చట్టం చూడండి. 2016 సవరణ తర్వాత పద్నాలుగు దాటినవాణ్ని ప్రమాదకరమైనవి తప్ప మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు. ఇంటి మగ్గమైతే పద్నాలుగు లోపు వాళ్లు కూడా బడి వేళ అయ్యాక సాయం చేయొచ్చు. ఒకే వయసులో బడి తలుపు మూసుకోవచ్చు, పని షెడ్డు తలుపు తెరుచుకోవచ్చు. పైగా పదో తరగతిలో నూరు శాతం పాసని బోర్డు రాయించుకోవాలనుకునే ప్రతిచోటా తొమ్మిదిలోనే ఏరివేత మొదలవుతుంది. "వీడికి ఓపెన్‌లో టెన్త్ కట్టించుకోండమ్మా" అని మెత్తగా చెప్పి టీసీ చేతిలో పెడతారు.

ఆడపిల్లల విషయంలో ప్రభుత్వం కొంత నయం. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాలు బడి మానేసిన, బడి అందని ఆడపిల్లల కోసమే పుట్టాయి. తిండీ, పడకా, చదువూ ఒకేచోట. మొదట ఎనిమిది దాకానే ఉండేవి, 2018లో సమగ్ర శిక్షా వచ్చాక ఇంటర్ దాకా పెంచుకునే వీలొచ్చింది. మగపిల్లలకు ఆ స్థాయిలో అలాంటిది లేదు. మగపిల్లోడు ఎలాగో బతుకుతాడులే అన్న నమ్మకం ఒకటి మనలో ఉంది. ఎలా బతుకుతున్నాడో తెల్లవారుజామున ధర్మవరం జంక్షన్‌లో బెంగళూరు బండ్లు ఎక్కేవాళ్లను చూస్తే తెలుస్తుంది.

అందుకే అడుగుతున్నాను. ధర్మవరం, హిందూపురం రెంటికీ మధ్యలో, రైలు దారిలోనే ఉన్న పెనుకొండలో ఈ పిల్లల కోసం ఒక చిన్న సర్కారు హైస్కూలు పెట్టండి. ఎనిమిది, తొమ్మిది, పది. మొత్తం అరవై మంది, అంతకు మించి వద్దు. దూరంవాళ్లకు హాస్టల్. పొద్దున మొదటి గంట మైదానంలో, తర్వాత టిఫిన్, ఆ తర్వాతే లెక్కలు. నిద్ర తక్కువైనవాడు పడుకోవడానికి ఒక గది. పిల్లలతో మాట్లాడటం చదువుకున్న కౌన్సెలర్ ఒకరు.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. పెనుకొండ, ధర్మవరం మధ్యనున్న చెన్నేకొత్తపల్లి దగ్గర, 1990లో బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ భయం లేని చిన్న బడిని నడిపి చూపించింది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్, పనిలో ఉన్న పిల్లల్ని క్యాంపుల్లో ఉంచి చదివించి మామూలు బడికి పంపింది. కౌన్సెలర్ సంగతైతే సుప్రీంకోర్టే చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న అమ్మాయి మరణం కేసులో, 2025 జూలైలో, వంద మంది, అంతకు మించి ఉన్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో ఉండాలని, అంతకంటే చిన్నవాటికి బయటి నిపుణులతో సంబంధం ఉండాలని ఆదేశించింది. మా బళ్లలో చాలావాటికి వంద దాటడం పెద్ద లెక్క కాదు. నేనడిగే బడి అరవై మందిదే అయినా, ఇలాంటి పిల్లలకు సొంత కౌన్సెలరే కావాలి.

"రౌడీల బడి అని పేరు పడుతుంది కదా సార్" అంటాడు నా పాత సహోద్యోగి. పడుతుంది. కాలిఫోర్నియాలో పనికిపోయే కుర్రాళ్ల కోసం 1919 నుంచి కంటిన్యుయేషన్ స్కూళ్లున్నాయి. పెద్ద బళ్లు వద్దనుకున్న పిల్లల్ని తోసేసే చోటుగా అవి మారాయన్న విమర్శ అక్కడా ఉంది. అందుకే రెండు షరతులు. ఒకటి, పిల్లవాడి పేరు పాత బడి రిజిస్టర్‌లోనే ఉండాలి, టెన్త్ సర్టిఫికెట్ మీద ఆ బడి పేరే పడాలి, సిద్ధమైన రోజు వెనక్కి తీసుకోవాలి. అప్పుడే హెడ్మాస్టరు వదిలించుకోవడానికి పంపడు. రెండోది, పిల్లవాడూ ఇంట్లోవాళ్లూ ఒప్పుకుంటేనే చేర్చుకోవాలి.

ఇంకో మాట, ఇది ఆర్థిక శాఖకు రుచించదు. ఆ కౌన్సెలర్ పోస్టు రెగ్యులర్‌గా ఉండాలి. కస్తూర్బా టీచర్లను ఇన్నేళ్లుగా కాంట్రాక్టులో నెట్టుకొస్తున్నట్టు దీన్నీ ఏడాదికోసారి రెన్యువల్ మీద నడిపితే, మార్చిలో నోరు విప్పిన పిల్లవాడికి జూన్‌లో కొత్త ముఖం ఎదురవుతుంది. వాడు మళ్లీ నోరు విప్పడు. అంతకంటే ఆ జీతం డబ్బులతో కబడ్డీ మ్యాట్ కొనివ్వండి, దానివల్ల ఎక్కువ ఉపయోగం.