చేతులు కావాలి, మనుషులు వద్దా?

రొంపిచెర్ల, పరిసర గ్రామాల్లో మిర్చి పండిందంటే రైతుకు నిద్ర పట్టదు. కాయ కోతకు ఊళ్లో ఉన్న చేతులు చాలవు. కర్నూలు జిల్లా పడమటి గ్రామాల నుంచి పిల్లాజెల్లాతో, తట్టాబుట్టతో వచ్చే కూలీలే పల్నాడు కోతలకు ఏటా పెద్ద ఆధారం. కూలి గిట్టకపోతే వారు పక్క రైతు చేలోకి వెళతారు, లేదా పక్క ఊరికి పోతారు. అడ్డగించే అధికారం ఎవరికీ లేదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కును రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చింది. అప్పు పేరుతో మనిషిని ఒకే ఇంటికి కట్టివేసే పద్ధతిని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం నిషేధించింది.

సముద్రం దాటితే ఈ హక్కు వెంట రాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది ఇంటి పనికి, డ్రైవరు పనికి కువైట్ వెళుతున్నారు. పల్నాడు నుంచి వెళ్లేవారు అంతమంది లేకపోయినా, వెళ్లినవారందరికీ వర్తించేది ఒకటే పద్ధతి. దాని పేరు కఫాలా. అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి పనివాడి చేతిలో ఉండదు, పిలిపించిన యజమానితో ముడిపడి ఉంటుంది. జీతం ఇవ్వలేదని, కొట్టారని ఆ ఇల్లు విడిచి బయటపడితే పారిపోయినట్టు కేసు పెట్టవచ్చు. ఆ రోజు నుంచి ఆ మనిషి దొంగచాటుగా బతకవలసిందే. కాగితం లేనివాడు ఇచ్చింది పుచ్చుకుంటాడు, నోరెత్తడు. కనుక అటువంటివాడిని పనిలో పెట్టుకునేవారికి కొదవ లేదు.

ఇందులోని చిత్రం 2024లో బయటపడింది. ఆ సంవత్సరం మార్చి 17 నుంచి జూన్ నెలాఖరు వరకు కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. గడువు దాటి ఉన్నవారు జరిమానా లేకుండా దేశం విడిచి పోవచ్చు. ఉండదలచినవారు జరిమానా కట్టి కాగితాలు సరిచేసుకోవచ్చు. గడువు ముగిశాక తనిఖీలు, పట్టివేతలు సాగాయి. సరిగ్గా ఆ జులై 14 నుంచే, ఇంటి పనివారు ప్రైవేటు కంపెనీలకు మారవచ్చని రెండు నెలలపాటు అదే ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదీ యజమాని ఒప్పుకుంటేనే. పనివారు చాలడం లేదన్నదే కారణం. ఒక చేత్తో గెంటడం, రెండో చేత్తో పిలవడం అంటే ఇదే.

మన ప్రభుత్వం పెట్టిన కట్టుబాట్లూ పూర్తి రక్షణ ఇవ్వలేదు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారు గల్ఫుకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. స్త్రీలకు 30 ఏళ్లు నిండాలి. ఉద్దేశం మంచిదే. కాని ఇంట్లో అప్పు, అక్కడ పని ఉన్నంతకాలం ప్రయాణం ఆగదు. దళారీ విజిట్ వీసా తెచ్చి ఇస్తాడు, దారి మార్చి పంపుతాడు. తలుపు ఇరుకైన కొద్దీ అతని రేటు పెరుగుతుంది. అలా వెళ్లినవారి పేరు ప్రభుత్వ లెక్కలో ఉండదు. ఆపద వస్తే వెతకడమే కష్టం.

చదువుకున్నవారి సంగతీ ఇంతకంటె వేరు కాదు. అమెరికాలో హెచ్1బీ వీసా కూడా ఉద్యోగమిచ్చిన కంపెనీతో ముడిపడినదే. పని పోతే 60 రోజుల్లో వేరే కంపెనీ చూసుకోవాలి, లేదా వేరే దారి వెతుక్కోవాలి. 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి కొత్తగా తెచ్చుకునేవారిపై లక్ష డాలర్ల రుసుము విధించారు.

ఏ దేశానికైనా తన సరిహద్దు కాచుకునే హక్కు ఉంది. దానిని ఎవరూ కాదనరు. కాని పని చేయించుకునే దేశం పనివాడి నోరు కట్టరాదు. కతార్ 2020లో, యజమాని అనుమతి లేకుండానే పని మారే వీలు కల్పిస్తూ చట్టం చేసింది. అమలులో లోపాలు ఉండవచ్చు, దారి మాత్రం సరైనదే. 2021 జూన్‌లో ఇంటి పనివారి విషయమై కువైట్‌తో భారత ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. పని మారే హక్కు కోసం కేంద్రం అక్కడ గట్టిగా పట్టుబట్టాలి.

ఇక్కడ చేయవలసిన పనులూ ఉన్నాయి. లైసెన్సు ఉన్న ఏజెంటు పనివారి నుంచి సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై పన్ను మించి తీసుకోరాదని నిబంధన ఉంది. ఈ సంగతి ఎందరు గ్రామస్థులకు తెలుసు? లైసెన్సు ఉన్నవారి పేర్లు కేంద్రం నడిపే ఇ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉంటాయి. వాటిని ప్రతి గ్రామ సచివాలయం గోడపై తెలుగులో అంటించాలి. లైసెన్సు లేకుండా మనుషులను పంపే దళారీలపై పోలీసులు కేసులు పెట్టాలి.

మిర్చి కోతకు వచ్చే కూలీ తన కూలి తాను బేరమాడుకోగలుగుతున్నాడంటే, కాదని వెళ్లిపోయే స్వేచ్ఛ ఉండబట్టే. ఊరు విడిచి దేశాలు పోయిన ఈ ప్రాంతపు బిడ్డలకు కూడా ఆ స్వేచ్ఛే కావాలి.